వద్దనడం వేరు, తెగించలేకపోవడం వేరు

మా అత్తయ్య పోయారు. పోయిన నెలలో, వాన వెలిసి కాస్త ఎండ కాసిన ఒక మధ్యాహ్నం, హెండర్సన్‌లో మా ఇంటి ముందుగది కిటికీ పక్కన కుర్చీలో కూర్చునే పోయారు. నేను పనిచేసే వృద్ధుల హోమ్‌కి మా ఆయన ఫోన్ చేసి, "అమ్మ లేవట్లేదు, నువ్వు రా" అన్నాడు. ఆ గొంతు విన్నాక ఇంకేమీ అడగలేదు. నేను వెళ్ళేసరికి అంబులెన్స్ వాళ్ళు తమ సామాను సర్దుకుంటున్నారు. ఆవిడ ఒళ్ళో సగం ఒలిచిన వెల్లుల్లి పళ్ళెం అలాగే ఉంది. అలాంటప్పుడు ఎవరికైనా ముందు ఏడుపు రావాలి. నాకు మాత్రం విసుగొచ్చింది. పొద్దున నేను డ్యూటీకి వెళ్తూ "కాళ్ళు వాచినట్టున్నాయి, చూపించండి" అంటే "ఏంలా, పో పో, నీకు టైమవుతుంది" అన్నారు. నర్సుగా ఎంతమందివో కాళ్ళు చూసిన నాకు సొంత అత్తగారి కాళ్ళు చూసే భాగ్యం ఆవిడ ఎప్పుడూ కలగనివ్వలేదు.

పాపకూర అనే పేటలో కూడుకునే మా తెలుగు సంఘం వాళ్ళు జ్ఞాపకార్థ కూడికలో చదవడానికి నాలుగు మాటలు రాయమన్నారు. "ప్రార్థనాపరురాలు, ప్రేమమూర్తి అని రాయమ్మా, చాలు" అన్నారు ఒక ఆంటీ. రాయబోతే పెన్ను కదల్లేదు. ఆవిడ ప్రార్థన చేసేవారు, నిజమే. మా మీద ప్రేమ ఉండేది, అదీ నిజమే. కానీ ఆవిడతో ఒకే ఇంట్లో గడిపిన ఏళ్ళలో నాకు ఎక్కువగా కలిగింది విసుగు. దాన్ని తీసేసి రాస్తే అది ఇంకెవరి గురించో అవుతుంది. అందుకే ఆ విసుగుతోనే రాస్తున్నాను. చదివేవాళ్ళు మన్నించాలి.

అత్తయ్యది ఒంగోలు. మా అమ్మాయి పుట్టినప్పుడు సాయానికి వచ్చి, మా ఆయన వదలకపోవడంతో ఇక్కడే ఉండిపోయారు. వచ్చిన తొలి చలికాలంలోనే ఈ దేశానికి తగ్గట్టు ఒక వేషం కుదుర్చుకున్నారు. నేత చీర, దాని మీద కొడుకు పాత రెయిన్‌కోటు, కాళ్ళకి ఉన్ని మేజోళ్ళు, మేజోళ్ళ మీద హవాయి చెప్పులు. వీధి చివరి చిల్లరకొట్టుని ఇక్కడ డెయిరీ అంటారు. ఆ డెయిరీకి ఆ వేషంలోనే వెళ్ళి పాలు తెచ్చేవారు. కరివేపాకు మొక్కకి చలేస్తుందని దాన్ని స్నానాలగదిలో పెట్టేవారు. నేను కారు రివర్స్ చేస్తుంటే వెనక నిలబడి "రా, రా, ఇంకా రా" అని చెయ్యి ఊపేవారు, కంచెకి తగిలాక "చాలు" అనేవారు. ఒకసారి చేపలు ఉప్పేసి పెరట్లో బట్టలు ఆరేసే తీగ మీద ఎండబెట్టారు. పక్కింటి కివీ ఆయన వచ్చి, చాలా మర్యాదగా, మా ఇంట్లో ఏదైనా జంతువు చచ్చిపడిందేమో చూసుకోమన్నాడు.

ఇంగ్లీషు రాకపోతే ఇక్కడ బతకడం కష్టమని, దగ్గర్లోని కమ్యూనిటీ సెంటర్‌లో, వలస వచ్చినవాళ్ళకి నేర్పే తరగతిలో చేర్పించాం. నైట్ డ్యూటీ దిగి, నిద్రకళ్ళతో ఆవిడని అక్కడ దింపి ఇంటికెళ్ళి పడుకునేదాన్ని. ఒక టర్మ్ పూర్తయింది. ఆవిడ ఇంగ్లీషు విమానం దిగినరోజు ఎంతుందో అంతే ఉంది. స్పానిష్ మాత్రం వచ్చేసింది.

ఆ తరగతిలో ఆవిడ పక్కన కూర్చునేది చిలీ దేశపు పెద్దావిడ. కూతురి దగ్గరికి వచ్చింది. తీరా కూతురు ఉద్యోగం మారి క్రైస్ట్‌చర్చ్ వెళ్ళిపోతే, తన చర్చినీ పెరటినీ వదల్లేక మా వీధికి రెండో వైపున చిన్న యూనిట్ ఇంట్లో ఒక్కతే ఉండేది. ఆవిడని అక్కడ అందరూ, స్పానిష్‌లో అమ్మగారు అన్నట్టు, సెన్యోర అనేవారు. మా అత్తయ్య సెన్యోరమ్మ అన్నారు. మా ఇంట్లోనూ ఆ పేరే స్థిరపడింది.

"ఇంగ్లీషు క్లాసుకి పంపిస్తే స్పానిష్ నేర్చుకోవడం ఏంటత్తయ్యా" అని నెత్తి కొట్టుకున్నాను.

"టీచరమ్మ చెప్పేది మా ఇద్దరికీ అర్థం కాలా. అర్థం కానోళ్ళం ఇద్దరం మాట్లాడుకున్నాం" అన్నారు ఆవిడ, ఇందులో వింతేముందన్నట్టు. "అయినా ఇంగ్లీషు నా నోటికి రాదమ్మాయ్. సగం మాట లోపలే మింగేస్తారు. సెన్యోరమ్మ భాష అట్టా కాదు. మన మాటకు మల్లే చివరిదాకా విప్పి పలుకుద్ది."

వాళ్ళిద్దరి చదువు వంటింట్లో సాగేది. ఒకావిడ గరిటె చూపించి పేరు చెప్పడం, ఇంకొకావిడ తిరిగి అనడం. గరిటెలూ గిన్నెలూ అయిపోయాక క్రియల్లోకి దిగారు. ఆ క్రియల్లో ఒకటి మా అత్తయ్యకి పట్టుకుంది. జ్వరం పట్టుకున్నట్టే.

అది అత్రేవేర్సే. తెగించడం, ధైర్యం చేయడం అని అర్థం. 'మే అత్రేవో' అంటే నేను తెగిస్తాను. 'నో మే అత్రేవో' అంటే నాకంత ధైర్యం లేదు.

"ఇందులో అత్త ఉంది, రేవుంది. అత్త-రేవో" అన్నారు ఆవిడ. "రేవు దాటాలంటే ధైర్యం కావాల గదా. ఇంక మర్చిపోతానా."

మర్చిపోలేదు. మమ్మల్నీ మర్చిపోనివ్వలేదు. మోటార్‌వే ఎక్కేచోట పక్క లేన్‌లో లారీలు దూసుకొస్తుంటే, నేను అదను చూసుకుని కలవబోతుంటే, వెనక సీట్లోంచి "అత్రేవేతే" అనేవారు. అంటే, తెగించు. ఉలిక్కిపడి స్టీరింగ్ తిప్పేదాన్ని. మా అమ్మాయి స్నేహితురాలు, పాపం తెల్లపిల్ల, ఇంటికొస్తే గోంగూర పచ్చడి ముందుపెట్టి "తే అత్రేవేస్ కోన్ ఎస్తో?" అని అడిగేవారు. దీంతో తలపడతావా అని. ఆ పిల్లకి తెలుగూ తెలియదు, స్పానిషూ తెలియదు. తలూపి తినేది, కళ్ళు తుడుచుకునేది, మళ్ళీ పెట్టించుకునేది. నేను ఆవిడ ఎండుచేపలు చెత్తబుట్టలో పడేసిన రోజున మాత్రం అదే క్రియ వేరే రూపంలో నా మీదికి వచ్చింది. "కోమో తే అత్రేవేస్" అన్నారు. ఎంత ధైర్యం నీకు అని. ఉసిగొల్పడానికీ అదే మాట, ఉరమడానికీ అదే మాట. ఆ తరవాత రెండ్రోజులు ఆవిడ నాతో మాట్లాడింది స్పానిష్‌లోనే.

వినీ వినీ విసిగి, ఈ మాట అంతుచూద్దామని హెండర్సన్ లైబ్రరీలో పెద్ద నిఘంటువు తీసి చూశాను. తప్పు పట్టడానికే చూశానని వేరే చెప్పక్కర్లేదు. తప్పేమీ దొరకలేదు. ఆ క్రియ ఒంటరిగా నిలవదట. ముందు 'నన్ను' అనో 'నిన్ను' అనో ఉండాలి, వెనక ఏం చేయడానికో చెప్పాలి. ఇంటికొచ్చి ఆవిడతో అంటే, వెల్లుల్లి ఒలుస్తూ, "అది సెన్యోరమ్మ ఎప్పుడో చెప్పింది" అన్నారు.

"మనం ఏమంటాం? నాకు ధైర్యం చాలట్లా అంటాం. ధైర్యం ఏదో బియ్యమైనట్టు, కొట్టువాడు తక్కువ తూచినట్టు. ఆళ్ళకట్టా కాదంట. అది వస్తువు కాదు, పని. చేసేదీ నువ్వే, చేయించుకునేదీ నువ్వే. నిన్ను నువ్వు నెట్టుకోవాల."

"సరేలెండి" అన్నాను. అంత చక్కగా చెప్పారని ఒప్పుకునే ఓపిక ఆరోజు నాకు లేదు.

ఈ మాట ఆవిడకి ఎందుకంత పట్టిందో నాకు తర్వాత ఒకరోజు తెలిసింది. ఫిజోవా పండ్ల కాలం. ఆ పండ్లు రాలిపోతూ ఉంటాయి, పెరడున్న ప్రతివాళ్ళూ సంచులకొద్దీ అందరికీ పంచుతుంటారు. మా వంటింట్లో అత్తయ్యా సెన్యోరమ్మా ఆ పండ్లు కోస్తున్నారు. అత్తయ్య వాటిలో పచ్చిమిరపకాయలు వేసి పచ్చడి నూరతానన్నారు. సెన్యోరమ్మ పగలబడి నవ్వి, "అత్రేవిదా" అంది. అత్తయ్య ఆ మాటకి అర్థం అడిగారు. సెన్యోరమ్మ రొమ్ము విరుచుకుని, మెడ ఎత్తి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నాలుగడుగులు నడిచి చూపించింది. అత్తయ్య చేతిలో చాకు ఆగింది.

"తెగించిన ఆడది అన్నమాట" అన్నారు నావైపు తిరిగి.

పొయ్యి దగ్గరున్న నేను ఆ గొంతుకి వెనక్కి చూశాను.

"మీ మామయ్య పోయి ఏడాది తిరక్కముందే మిషన్ ఆసుపత్రిలో ఆయా పనికి పోయాను. మీ ఆయనకి అప్పుడు నడకలు రాలా. మా బావగారు అరుగు మీద కూర్చుని, దారినపోయే ప్రతివాడికీ చెప్పేవాడు, అది తెగించింది, తెగించిన ఆడది అని. ఆ మాట యినీ యినీ నేను ఆ వీధిలో తలెత్తి నడవలా. ఆ ఆసుపత్రిలో పనిచేసినన్నేళ్ళూ సందు వెంబడే పోయాను, సందు వెంబడే వచ్చాను." సెన్యోరమ్మని చూపించారు. "ఈమె అదే మాట అని నవ్వుతుంది చూడు."

సెన్యోరమ్మకి ఇదేమీ అర్థం కాలేదు. ఆవిడ ఇంకా నడుం మీద చెయ్యి పెట్టుకునే ఉంది. అత్తయ్య లేచి, తనూ నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఫ్రిజ్ దాకా నడిచి వచ్చారు. తర్వాత పచ్చడి నూరారు. అది మేమెవరమూ తినలేకపోయాం.

ఇక సెన్యోరమ్మ పడిపోయిన సంగతి చెప్పాలి. అత్తయ్య గురించి ఇంకేం చెప్పకపోయినా ఇది చెప్పాలి.

ఒక చలికాలం మొదట్లో సెన్యోరమ్మ తన యూనిట్ మెట్ల మీద నాచుకి జారింది. తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో చేర్చారు. కూతురు క్రైస్ట్‌చర్చ్ నుంచి బయల్దేరబోతే పొగమంచుకి విమానాలు ఆగిపోయాయి. ఆ అమ్మాయి నాకు ఫోన్ చేసి సంగతి చెప్పింది. డాక్టర్లు ఆపరేషన్ చేయాలన్నారట. పొద్దున ఫోన్‌లో దుబాసీని పెట్టి అడిగితే అమ్మ వద్దందట. "అమ్మ వద్దంటే నేనేం చేయను" అని ఆ పిల్ల ఏడ్చింది. వయసు మీరినవాళ్ళు తుంటి విరిగి ఆపరేషన్ లేకుండా మంచాన పడితే ఏమవుతుందో నాకు తెలుసు. మా హోమ్‌లో చూస్తూనే ఉంటాను. ముందు లేవలేరు, తర్వాత ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరుతుంది, తర్వాత ఎంతో కాలం ఉండరు.

అత్తయ్య రెయిన్‌కోటు తొడుక్కుని కారు పక్కన నిలబడ్డారు. నాకు సాయంత్రం డ్యూటీ ఉంది. మా అమ్మాయి బడి నుంచి ఆకలితో వచ్చింది. ముగ్గురం వెళ్ళాం. పార్కింగ్ దొరకలేదు, తిరిగి తిరిగి ఎక్కడో దూరాన పెట్టి వానలో నడిచాం. ఆ నడకంతా నేను ఏమేం గొణిగానో మా అమ్మాయికి ఇప్పటికీ గుర్తుందట.

సెన్యోరమ్మ మంచం మీద చిన్నదైపోయి ఉంది. అత్తయ్యని చూడగానే చెయ్యి పట్టుకుని ఏదో చెప్పడం మొదలుపెట్టింది. ఆ మాటల్లో నాకు తెలిసింది ఒక్కటే, అది పదే పదే వినబడింది. నో మే అత్రేవో. నో మే అత్రేవో.

అత్తయ్య నావైపు తిరిగారు. "ఈమె వద్దనట్లేదమ్మాయ్."

"వద్దనే చెప్పిందత్తయ్యా. దుబాసీతో చెప్పింది, కూతురితోనూ డాక్టర్లు అదే చెప్పారు."

"వద్దు అనాలంటే ఆళ్ళ భాషలో నో కియేరో. నాకిష్టం లేదని. ఇప్పుడు ఆ మాట అనట్లా. తెగించలేకపోతున్నా అంటుంది. వద్దనడం వేరు, తెగించలేకపోవడం వేరు. నువ్వు పోయి నర్సుతో చెప్పు."

నేను వెళ్ళనన్నాను. మనం ఆవిడకి బంధువులం కాదు. పద్ధతిగా అడిగారు, ఆవిడ చెప్పింది, వాళ్ళు రాసుకున్నారు. అందులో ఎవరి తప్పూ లేదు. రోగి నిర్ణయంలో చుట్టుపక్కలవాళ్ళు తలదూర్చకూడదని మాకు పాఠంగా చెప్తారు. ఇదంతా ఆవిడకి వివరించాను, మామూలు గొంతుతో కాదు. అప్పటికే నా డ్యూటీ టైము దగ్గరపడింది, మా అమ్మాయి బిస్కెట్లని గొడవ చేస్తోంది.

అత్తయ్య గది బయటికి వచ్చి వరండాలో నిలబడ్డారు. ఆ చివర నర్సుల బల్ల ఉంది. ఆవిడ దానివైపు చూస్తున్నారు, కదలట్లేదు. రెయిన్‌కోటు గుండీ విప్పుతున్నారు, మళ్ళీ పెట్టుకుంటున్నారు. మోటార్‌వే మీద నన్ను లారీల మధ్యకి తోసిన మనిషికి ఇంగ్లీషులో ఒక్క మాట అడగాలంటే ఎంత భయమో నేను అప్పుడే చూశాను. డెయిరీలో కూడా ఆవిడ మాట్లాడేవారు కాదు. పాలడబ్బా బల్ల మీద పెట్టి, నవ్వి, వచ్చేసేవారు.

పెదవులు మాత్రం కదిలాయి. మే అత్రేవో అన్నారనుకుంటాను. చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్ళారు.

బల్ల దగ్గర కుర్రనర్సు ఏదో రాసుకుంటోంది. అత్తయ్య ఆ బల్ల మీద రెండు చేతులూ పెట్టారు.

"ప్లీజ్" అన్నారు. "షి నో సే నో. షి సే ఫియర్."

ఆ అమ్మాయి పెన్ను పక్కన పెట్టి, "మళ్ళీ చెప్తారా" అంది మెల్లగా. అత్తయ్య మళ్ళీ అవే మాటలు అన్నారు. అంతకు మించి ఆవిడ దగ్గర ఇంగ్లీషు లేదు. ఇక నేను వెళ్ళక తప్పలేదు.

నర్సు వచ్చింది. కాసేపటికి డాక్టరూ వచ్చింది. దుబాసీని మళ్ళీ ఫోన్‌లోకి తీసుకునేలోపల, ఆ మంచం చుట్టూ మేం మాట్లాడుకున్న తీరు తలచుకుంటే ఇప్పటికీ నాకు తల తిరుగుతుంది. డాక్టర్ ఇంగ్లీషులో అడిగేది. నేను తెలుగులో చెప్పేదాన్ని. అత్తయ్య తన వంటింటి స్పానిష్‌లో అడిగేవారు. సెన్యోరమ్మ జవాబు అదే దారిన వెనక్కి వచ్చేది. ప్రతి మలుపులో అత్తయ్య తన సొంత వ్యాఖ్యానం ఒకటి చేర్చేవారు. "అత్తయ్యా, ఆవిడ అన్నదే చెప్పండి" అని నేను పళ్ళు నూరేదాన్ని.

"అకే?" అన్నారు అత్తయ్య సెన్యోరమ్మతో. దేనికి? దేనికి తెగించలేకపోతున్నావు?

సెన్యోరమ్మ కళ్ళు మూసుకుని చాలాసేపు చెప్పింది. అత్తయ్య కొంత విన్నారు, కొంత ఊహించారు. "కోతకి కాదంట భయం" అన్నారు నాతో. "మత్తు దిగి కళ్ళు తెరిచేసరికి చుట్టూ ఎవరుంటారో, నొప్పి అని చెప్తే ఎవరికి అర్థమవుద్దో అని. ఆ కళ్ళు తెరవడానికి తెగించలేకపోతుందంట."

డాక్టర్‌కి చెప్పాను. వాళ్ళు అడిగిన ప్రశ్న ఆపరేషన్ గురించి, భయం మాత్రం ఆపరేషన్ అయిన తరవాతి నిమిషం గురించి. ఫోన్‌లో దుబాసీ దొరికాక డాక్టర్ అంతా మళ్ళీ మొదటినుంచి అడిగించింది. దుబాసీ చెప్పిన మాట కూడా అదే. అప్పుడు, కళ్ళు తెరిచేవేళకి మనిషి పక్కనుండేలా ఏర్పాటు చేస్తామని డాక్టర్ చెప్పింది.

అత్తయ్య మంచం కమ్మీ మీద దబదబ కొట్టి, "యో, ఆకి" అన్నారు. నేను, ఇక్కడే. వ్యాకరణం అంతే.

సెన్యోరమ్మ ఆవిడ మొహంకేసి చూసింది. చూసి, ఆ క్రియనే ముందున్న 'నో' తీసేసి చెప్పింది.

ఆపరేషన్ మర్నాడు జరిగింది. పొగమంచు వీడి కూతురు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. కళ్ళు తెరిచినప్పుడు పక్కనున్నది మా అత్తయ్యే, హవాయి చెప్పులతో. ఆరోజు కోసం నేను ఇంకో డ్యూటీ మార్చుకున్నాను. అందుకు మా సూపర్‌వైజర్ చేత తిన్న చీవాట్లు అత్తయ్యకి అప్పజెబితే, "నీకూ నోరుంది గదా" అన్నారు. అక్కడితో నాకు ఒళ్ళు మండింది. సెన్యోరమ్మ మాత్రం నడక చట్రం పట్టుకుని, కీచుకీచుమనిపించుకుంటూ, వసంతం వచ్చేసరికి మా గుమ్మంలో ఉంది. ఇవాళ్టికీ నడుస్తోంది.

ఇంతటితో ఆవిడ ఆ క్రియని వదిలేస్తారనుకున్నాను. అది నా మీదికి తిరిగింది.

నేను గుంటూరులో నర్సింగ్ చదివి వచ్చాను. ఇక్కడ నర్సుగా నమోదు కావాలంటే ఇంగ్లీషు పరీక్ష నెగ్గాలి, ఆపైన కొన్ని వారాలు శిక్షణకి వెళ్ళాలి. ఒకసారి రాస్తే రాతలో తప్పింది. ఆ తర్వాత కేర్‌గివర్ ఉద్యోగంతోనే సరిపెట్టుకున్నాను. ఎవరైనా అడిగితే, "ఎందుకులే, ఇదే బాగుంది, పిల్ల చిన్నది" అనేదాన్ని. మా ఆయనా అదే నమ్మాడు. సగం నేనూ నమ్మాను. ఒక సాయంత్రం మంచాల మీది వాళ్ళని ఎత్తీ ఎత్తీ నడుం పట్టేసి సోఫాలో పడి ఉంటే, అత్తయ్య ఆముదం కాచి తెచ్చి రాస్తూ అడిగారు.

"ఏమ్మాయ్, ఆ పరీక్ష వద్దనుకున్నావా, తెగించలేకపోతున్నావా?"

"వద్దనుకున్నానత్తయ్యా."

"ఊఁ" అన్నారు. రాస్తూనే ఉన్నారు.

మర్నాడు టీ ఇస్తూ అదే అడిగారు. సంఘం కూడికకి పాపకూర వెళ్తుంటే కారులో అడిగారు. నేను స్నానాలగదిలో ఉంటే తలుపు బయట నిలబడి అడిగారు. మనుషులకి హద్దు ఉండాలి. చివరికి ఓపిక నశించి తలుపు తీసి, "భయమే, మళ్ళీ తప్పితే నా మొహం మీ అందరికీ ఎట్లా చూపించను? ఇక చాలా?" అన్నాను. గట్టిగానే అన్నాను.

అత్తయ్య మొహంలో గెలిచిన జాడ ఏమీ లేదు. తలూపారు. "అది చెప్పు మరి. వద్దన్నావంటే నేను చేసేదేం లేదు. భయమంటే మాత్రం పక్కన కూర్చోవచ్చు."

కూర్చున్నారు కూడా. నేను భోజనాల బల్ల దగ్గర వ్యాసాలు రాస్తుంటే, ఎదురుగా కూర్చుని ఏమీ చేయకుండా నన్నే చూసేవారు. అలా చూస్తుంటే రాయలేకపోతున్నానని ఎన్నిసార్లు చెప్పినా లేవలేదు. పరీక్ష నెగ్గాను. శిక్షణ హామిల్టన్‌లో పడితే, ఆ వారాలన్నీ పిల్లనీ కొడుకునీ ఇంటినీ ఆవిడే చూసుకున్నారు. నేను తిరిగొచ్చేసరికి మా అమ్మాయి మూడు భాషల్లో మాట వినకపోవడం నేర్చుకుంది. నర్సుగా తొలి డ్యూటీకి వెళ్ళినరోజు ఆవిడ గేటు దాకా వచ్చి, నా యూనిఫాం కాలరు సరిచేశారు. అది సరిగ్గానే ఉంది. ఆవిడ సరిచేశాకే వంకరైంది.

ఇంగ్లీషు ఆవిడకి చివరిదాకా రాలేదు. నేర్చుకోమని నేను సాధించడం మానలేదు, ఆవిడ నేర్చుకోకపోవడమూ మానలేదు. ఇప్పుడు కారు రివర్స్ చేస్తుంటే వెనక ఎవరూ చెయ్యి ఊపరు. నేనే మెడ తిప్పి చూసుకుంటాను. కంచెకి తగలట్లేదు. అదీ విసుగ్గానే ఉంది.

భూస్థాపన రోజు సన్నటి వాన. పడమటి కొండలు కనబడనంత ముసురు. ప్రార్థన అయింది, పాట అయింది, అందరం తలో పిడికెడు మట్టి వేశాం. పెద్దవాళ్ళు కార్లవైపు నడిచారు. సెన్యోరమ్మ చివర మిగిలింది. నడక చట్రం తడిగడ్డిలో దిగబడుతుంటే మా అమ్మాయి ఆవిడ మోచెయ్యి పట్టుకుని సమాధి దాకా నడిపించింది. మట్టి వేసి, సిలువ గుర్తు వేసుకుని, ఏదో స్పానిష్‌లో అంటుందనుకున్నాను.

"వదినా, వస్తా" అంది.

తెలుగులో అంది. స్పష్టంగా, చివరిదాకా విప్పి పలికింది. ఆ మాట అత్తయ్య ఎప్పుడు నేర్పారో మాకెవరికీ తెలియదు. వెళ్ళేటప్పుడు పోతానని అనకూడదు, వస్తాననాలి అన్నది కూడా ఆవిడే చెప్పి ఉండాలి.

వస్తానని చెప్పి కూడా సెన్యోరమ్మ కదల్లేదు. గుంట పూడ్చే చిన్న యంత్రం కాస్త దూరంలో ఆగి ఉంది. దాన్ని నడిపే మావోరీ ఆయన ఆవిడని చూసి, ఇంజిన్ ఆపేసి, తలమీది ఉన్ని టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మా అమ్మాయి గొడుగు పట్టుకుని నిలబడింది. ఆవిడ చట్రం మీద వాలి, కిందికి చూస్తూ, నెమ్మదిగా ఇంకేదో చెప్తూనే ఉంది.